నికోడెమస్‌ను స్థాపించినది ఎవరు? కాన్సాస్ గడ్డి మైదానంలోని ఒక చిన్న ఊరి తొలి చరిత్ర

మైదానవాసి
కాన్సాస్ రాష్ట్రపు పడమటి భాగంలో, గ్రాహం కౌంటీలో, 1877లో ఏర్పడిన నికోడెమస్ గురించి కొంతకాలంగా చదువుతున్నాను. అంతర్యుద్ధం తరువాత బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతి కుటుంబాలు మిసిసిపీ నదికి పడమట స్థాపించుకున్న ఊళ్ళలో ఈనాటికీ మనుషులు నివసిస్తున్న అతి పాతది ఇదే. అయినా, నేను చూసిన పరిచయ వ్యాసాలలో సగానికి పైగా "డబ్ల్యూ. ఆర్. హిల్ అనే శ్వేతజాతి భూవ్యాపారి ఈ ఊరిని స్థాపించాడు" అన్న వాక్యంతోనే మొదలవుతున్నాయి. ఊరికి గీత గీసి, స్థలాలు అమ్మి, తన ఇల్లు మాత్రం పక్కనున్న హిల్ సిటీలో కట్టుకున్న మనిషిని స్థాపకుడు అనడం న్యాయమేనా? ఈ ఊరి తొలి సంవత్సరాల గురించి తెలిసినవారు వివరంగా వ్రాయవలసిందిగా కోరుతున్నాను.

చరిత్రప్రియ
నమోదైన పత్రాలను బట్టి చూస్తే ప్రశ్నకు సమాధానం కొంతవరకు అక్కడే దొరుకుతుంది. నికోడెమస్ టౌన్ కంపెనీ ఏర్పడిన తేదీ 1877 ఏప్రిల్ 18. దానిని నమోదు చేసిన ఏడుగురిలో ఆరుగురు నల్లజాతీయులు, ఏడవవాడు హిల్. అధ్యక్షుడు డబ్ల్యూ. హెచ్. స్మిత్, కార్యదర్శి రెవరెండ్ సైమన్ రౌండ్‌ట్రీ, వీరిద్దరూ నల్లజాతీయులే. కాబట్టి చట్టం దృష్టిలో హిల్ ఒక భాగస్వామి మాత్రమే. ప్రచారం, కొలతలు, రైలు ప్రయాణపు ఏర్పాట్లు అతని చేతిలో ఉన్నందువల్ల అతని పేరు పైకి వచ్చింది.

పాతకాగితాలు
చరిత్రప్రియ గారు చెప్పినది సరైనదే. దానికి తోడు 1877 జూలై 2వ తేదీన ఈ కంపెనీ విడుదల చేసిన కరపత్రాన్ని చదివితే పరిస్థితి మరింత స్పష్టమవుతుంది. అమెరికాలోని నల్లజాతి పౌరులందరినీ ఉద్దేశించిన ఆ కరపత్రం కింద సంతకం రౌండ్‌ట్రీది. అయితే పటాలకూ, రైలు ఛార్జీల వివరాలకూ ఉత్తరం వ్రాయవలసిన చిరునామా మాత్రం జనరల్ మేనేజర్ హిల్‌ది. సంస్థ మొదలైనప్పుడు ఖజానాలో మూడు డాలర్లే ఉన్నాయని అందులో దాచకుండా చెప్పుకున్నారు. నేల నల్లని ఇసుక కలిసిన సారవంతమైన మట్టి అనీ, సాలొమన్ నది దక్షిణ పాయలో మంచి నీరు సమృద్ధిగా ఉందనీ, ఇళ్ళు కట్టుకోవడానికి మెత్తని రాయి కావలసినంత దొరుకుతుందనీ, పొయ్యికి సరిపడా కలప ఉందనీ వ్రాశారు. బొగ్గు విషయానికి వచ్చేసరికి మాత్రం, అది పుష్కలంగా దొరుకుతుందనడంలో తమకు సందేహం లేదని అన్నారు. ఉన్నదాని గురించి చెప్పిన మాటలకూ, ఉండాలని కోరుకున్నదాని గురించి చెప్పిన మాటలకూ మధ్య గీత ఎక్కడుందో వలస వచ్చినవారిలో ఎక్కువమంది స్వస్థలమైన కెంటకీ రాష్ట్రంలో ఆ కాగితాన్ని చదివిన మనిషికి తెలిసే అవకాశమే లేదు.

ఏటిగట్టు
ఇంతకీ ఆ బొగ్గు దొరికిందా?

పాతకాగితాలు
ఏటిగట్టు గారు, వారి పొయ్యిలోకి బొగ్గు రాలేదు. ఎండిన పేడ, పొద్దుతిరుగుడు కాడలు, ఏటి ఒడ్డున దొరికిన విల్లో కొమ్మలు, ఇవే తొలి చలికాలపు వంటచెరకు. కలప కూడా ఏటి వెంబడి సన్నని గీతలా తప్ప ఎక్కడా లేదు. రాయి గురించి చెప్పిన మాట మాత్రం నిజమే. అక్కడి లేత పసుపు సున్నపురాయిని తవ్వి తీసిన కొత్తలో రంపంతో కోయవచ్చు. తరువాతి భవనాలు దానితోనే లేచాయి.

సూటిమాట
హిల్‌ను ఇలా బోనులో నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ రోజులలో కాన్సాస్‌లో భూమి అమ్మిన ప్రతివాడూ, ప్రభుత్వం నుంచి లక్షల ఎకరాలు ఉచితంగా పొందిన రైల్వే కంపెనీలతో సహా, ఇవే మాటలు చెప్పాడు. నాగలి వెంట వాన వస్తుందని, అంటే మైదానాన్ని దున్నితే వర్షపాతం పెరుగుతుందని, చదువుకున్నవారు కూడా నమ్మి ప్రచారం చేసిన కాలమది. శ్వేతజాతి రైతులూ ఆ మాటలు నమ్మే వచ్చి దెబ్బతిన్నారు. హిల్ చేసినది వ్యాపారం. అతను కెంటకీకి వెళ్ళి చర్చిలలో నిలబడి మాట్లాడకపోయి ఉంటే ఆ కుటుంబాలకు గ్రాహం కౌంటీ అన్న పేరే తెలిసేది కాదు.

మైదానవాసి
సూటిమాట గారు, మోసపోయినవారు అందరూ ఒకే స్థితిలో ఉండి మోసపోలేదు. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన రైతు చేతిలో ఎంతో కొంత డబ్బు, జత గుర్రాలు, ఒక బండి ఉండేవి; తిరిగి వెళ్ళడానికి ఒక ఇల్లూ ఉండేది. బానిసత్వం నుంచి బయటపడి పట్టుమని పన్నెండేళ్ళు కాని కుటుంబానికి చేరడానికి కట్టిన ఐదు డాలర్లే కూడబెట్టుకున్న మొత్తం. వారు వదిలి వచ్చినది కూడా మామూలు పేదరికం కాదు. 1877లో దక్షిణాది నుంచి కేంద్ర సైన్యాలను ఉపసంహరించుకున్న తరువాత నల్లజాతీయులకు అక్కడ రక్షణ లేకుండా పోయింది.

చరిత్రప్రియ
ఒక చిన్న సవరణ. కెంటకీ అంతర్యుద్ధంలో యూనియన్ (అమెరికా సమాఖ్య) నుంచి విడిపోలేదు కనుక, సైన్యాల ఉపసంహరణ కథ ఆ రాష్ట్రానికి నేరుగా వర్తించదు. అదే కారణం వల్ల 1863 నాటి విముక్తి ప్రకటన కూడా కెంటకీకి వర్తించలేదు. అక్కడి బానిసలకు చట్టబద్ధమైన స్వేచ్ఛ 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణతోనే వచ్చింది. ఆ తరువాత రాత్రిపూట దాడులు, కౌలు పేరుతో కట్టుబానిసత్వం, కోర్టులలో సాక్ష్యం చెప్పే హక్కు కోసం పోరాటం, ఇవన్నీ అక్కడా ఉన్నాయి. లెక్సింగ్టన్‌లో నల్లజాతీయులు తమంతట తామే సమావేశమై, 1877 సెప్టెంబరు 5న కాన్సాస్‌కు బయలుదేరదలచినవారు ఐదు డాలర్లు చెల్లించి చేరవచ్చునని అచ్చు వేయించిన కరపత్రం ఇప్పటికీ ఉంది. వెళ్ళాలన్న కోరిక వారిలోనే ఉన్నదనడానికి నాకు ఆ కాగితం చాలు.

గోధుమగింజ
పత్రాల సంగతి అలా ఉండగా, వారు అక్కడికి చేరిన తీరు గురించి ఎవరూ వ్రాయలేదు కనుక నేను వ్రాస్తాను.

1877 జూలైలో కాన్సాస్ రాజధాని టోపీకా నుంచి చిన్న బృందం ఒకటి ముందుగా వచ్చింది. సెప్టెంబరులో కెంటకీలోని జార్జ్‌టౌన్ పరిసరాల నుంచి 300 మందికి పైగా రైలులో ఎల్లిస్ అనే స్టేషన్‌లో దిగారు. అక్కడి నుంచి నికోడెమస్ సుమారు 55 కిలోమీటర్లు. దారి అన్నది లేదు. సామాను బండ్లకెత్తి, చాలామంది నడిచారు. చేరినది పంట కాలం దాటిన తరువాత. విత్తడానికి నెలలు లేవు, ఇల్లు కట్టడానికి కలప లేదు, ఎదురుగా చలికాలం. ఏం చేశారంటే, గుట్ట వాలులోకి గునపాలతో, పారలతో గదిలా తవ్వి, ముందువైపు మట్టిపెళ్ళలతోనో రాళ్ళతోనో గోడ పెట్టి, పైన కొమ్మలు, గడ్డి, వాటిమీద మట్టి పరచి, పొగ పోవడానికి ఒక గొట్టం నిలబెట్టి, లోపల కుటుంబం మొత్తం తలదాచుకున్నారు.

1878 వసంతంలో వచ్చిన రెండవ బృందంలో విలియానా హిక్‌మన్ అనే ఆమె ఉన్నారు. ఆ ప్రయాణాన్ని ఆమె దాదాపు 60 ఏళ్ళ తరువాత జ్ఞాపకం చేసుకుని చెప్పారు. ఎల్లిస్‌లో పిల్లలకు తట్టు సోకి కొందరు చనిపోయారు. అక్కడి నుంచి రెండు రోజుల బండి ప్రయాణం. జింకల జాడలు, అడవిదున్నలు పొర్లిన గుంటలు తప్ప గుర్తులు లేవు. దిక్సూచి చూసుకుంటూ నడిచారు. రాత్రి మగవారు నెగళ్ళు వేసి, మృగాలు దగ్గరకు రాకుండా తుపాకులు పేలుస్తూ కూర్చున్నారు. రెండవ రోజు మధ్యాహ్నం మూడు గంటల వేళ "అదిగో నికోడెమస్" అని ముందున్నవారు కేకవేశారు. ఆమె కళ్ళు చించుకుని చూసినా ఏమీ కనబడలేదు. ఎక్కడ అని అడిగితే, నేలలో నుంచి అక్కడక్కడా లేస్తున్న పొగలను చూపించి అదే నికోడెమస్ అన్నారు ఆమె భర్త. మనుషులు నేల కింద ఉన్నారని అర్థమై, ఏడుపు వచ్చిందని ఆమె చెప్పుకున్నారు.

ఏడ్చిన ఆ మనిషే ఆ ప్రాంతంలో సంసారం నిలబెట్టుకున్నారు. భర్త డేనియల్ హిక్‌మన్ మతబోధకుడు. నన్ను అడిగితే స్థాపకుల పట్టికలో తొలి పేరు హిల్‌ది కాదు, స్మిత్‌ది కూడా కాదు, ఇటువంటి ఆడవారిది.

ఏటిగట్టు
గోధుమగింజ గారి చివరి మాటతో ఏకీభవిస్తున్నాను.

సూటిమాట
ఒక్కసారి ఆలోచించండి. వచ్చినవారిలో సుమారు 60 కుటుంబాలు ఆ నేలను చూసి వెనుదిరిగాయి. వెళ్ళినవారిని ఎవరూ తప్పుపట్టలేరు. మరి ఉండిపోయినవారంతా ఇష్టపడే ఉన్నారా, తిరుగు ప్రయాణానికి డబ్బు లేక ఉన్నారా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

గోధుమగింజ
కొందరికి డబ్బు లేదు, నిజమే. అయితే ఉండటం వేరు, ఊరు చేయడం వేరు. జెనీ ఫ్లెచర్ నేలగదిలో పిల్లలకు చదువు చెప్పారు. ఆ ఊరి తొలి ఉపాధ్యాయురాలు ఆమె. ఆమె భర్త జెడ్. టి. ఫ్లెచర్ టపా నడిపారు, దుకాణం పెట్టారు, ఆ తరువాత సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ వారిదే. గతిలేక ఆగిపోయినవారు బడి గురించి అంత త్వరగా ఆలోచించరు. వారిని ముంచాడన్న కోపంతో హిల్‌ను ఉరి తీస్తామని కొందరు వెంటబడ్డారని కూడా అక్కడివారు చెప్పుకునే కథలలో ఉంది.

ఎర్రమట్టి
వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడిని కనుక నాకు అర్థం కాని విషయం ఒకటి అడుగుతాను. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఒక్కొక్క కుటుంబానికి 160 ఎకరాలు. ఐదేళ్ళు నివసించి సాగు చేస్తే పట్టా. ఎన్నడూ దున్నని గడ్డి నేల, ఆ గడ్డి వేళ్ళు చాప అల్లినట్టు లోతుగా పెనవేసుకుని ఉంటాయి. అటువంటి నేలను ఎద్దులు, గుర్రాలు లేకుండా ఎలా విరిచారు? మా తాతగారు గుంటూరు వైపు నుంచి తుంగభద్ర కాలువ కింద సింధనూరు దగ్గర క్యాంపులో భూమి కొన్నప్పుడు జత ఎద్దులు ఉండి కూడా మొదటి రెండేళ్ళు నరకం చూశామని చెప్పేవారు.

పాతకాగితాలు
ఎర్రమట్టి గారు, మొదటి సంవత్సరం చాలామంది విరవలేదు అన్నదే జవాబు. పశువులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. గునపంతో, పారతో, చేతి గొడ్డలితో నేలపొరను ముక్కలుగా తెగ్గొట్టి, ఒకటి రెండు ఎకరాలలో మొక్కజొన్న, కూరగాయలు వేసుకున్నవారే ఎక్కువ. మగవారు నెలల తరబడి రైలు మార్గపు పనులకూ, తూర్పు కాన్సాస్ పొలాలకూ కూలికి వెళ్ళి, ఆ డబ్బుతో గుర్రమో ఆవో తెచ్చుకున్నారు. అంటే పొలంలో ఉండి పనిచేసినది ఎక్కువగా స్త్రీలు, పిల్లలు. మీ తాతగారి క్యాంపుకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా నీరు. అక్కడ ప్రభుత్వం కట్టిన కాలువ ముందు వచ్చింది, రైతు తరువాత వచ్చాడు. గ్రాహం కౌంటీలో ఏడాదికి 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానే ఆధారం. ఆ వాన ఒక ఏడాది పడి మరుసటి ఏడాది ఎగ్గొడుతుంది.

నేల_ఎవరిది
ఇంతవరకూ చర్చలో ఎవరూ తాకని విషయం ఒకటి ఉంది. ఆ నేల ఖాళీగా లేదు. 1867లో మెడిసిన్ లాడ్జ్ ఒప్పందంతో షయాన్, అరాపహో జాతులను ఆ మైదానాల నుంచి తప్పించిన పదేళ్ళకే ఈ ఊరు వెలసింది. ప్రభుత్వ భూమి దొరుకుతుందని కరపత్రం చెప్పగలిగినది అందువల్లనే. స్థాపన గురించి మాట్లాడేటప్పుడు దీనిని విడిచిపెట్టకూడదు.

మైదానవాసి
విడిచిపెట్టకూడదు, అంగీకరిస్తాను. దీనికి ఆనుకుని ఉన్న మరొక సంగతి కూడా చెప్పాలి. ఆ మొదటి చలికాలంలో ఆహారం అడుగంటినప్పుడు, వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ జాతివారు తమ మాంసంలో కొంత ఇచ్చి వెళ్ళారని నికోడెమస్ వారసులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. భూమి పోగొట్టుకుంటున్నవారు, ఆ భూమి పొందుతున్నవారికి తిండి పెట్టడం అన్నది నన్ను చాలా కాలం ఆలోచింపజేసింది. నల్లజాతి కుటుంబాలు ఆ ఒప్పందాలు చేయలేదు. అయినా వాటి ఫలితం మీద నిలబడ్డారు. రెండూ నిజమే.

నేల_ఎవరిది
ఈ మాటను ఊరి చరిత్రలో మొదటి పేజీలోనే వ్రాయాలని నా అభిప్రాయం.

చరిత్రప్రియ
తొలి చరిత్రలో రెండవ ఘట్టం రైలుది. 1880 దశకం మధ్యకు వచ్చేసరికి నేలగదుల స్థానంలో మట్టిపెళ్ళల ఇళ్ళు, సున్నపురాయి కట్టడాలు వచ్చాయి. దుకాణాలు, చర్చిలు, హోటళ్ళు, ఒక బ్యాంకు ఏర్పడ్డాయి. 1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ అనే రెండు పత్రికలు మొదలయ్యాయి. అంత చిన్న ఊరికి రెండు పత్రికలు ఎందుకంటే, ఆ కాలంలో మైదానపు ఊళ్ళలో పత్రిక అంటే సగం వార్త, సగం ఊరి ప్రకటన. రైలు కంపెనీల దృష్టిలో పడాలి.

1887లో మిస్సోరీ పసిఫిక్ రైల్వేను రప్పించడానికి 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ప్రజలు ఓటు వేశారు. ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ మార్గం వచ్చింది కానీ నదికి అవతలివైపు నుంచి, ఊరికి కొన్ని మైళ్ళ దూరంలో వెళ్ళింది. రైలు పనివారి మకాం కాస్తా బోగ్ అనే ఊరైంది. నికోడెమస్ వ్యాపారులు ఒక్కొక్కరే అక్కడికి తరలిపోయారు. కొందరు తమ కట్టడాలను కూడా లాగించుకుపోయారు. పత్రికలు మూతపడ్డాయి. ఊరు స్థాపితమైన పదకొండేళ్ళకు ఇది జరిగింది.

సూటిమాట
రైలు రాకపోవడం వల్లనే ఊరు పడిపోయింది అని ప్రతి ఒక్కరూ వ్రాస్తారు. నేను దానిని పూర్తిగా ఒప్పుకోను. రైలు వచ్చిన బోగ్ ఇప్పుడు ఎంత ఉంది? అది కూడా చిన్న పల్లెటూరే. పడమటి కాన్సాస్‌లో రైలు స్టేషన్ ఉండి కూడా వెలవెలబోయిన ఊళ్ళకు లెక్కలేదు. వానలు తప్పడం, గోధుమ ధర పడిపోవడం, 160 ఎకరాలు ఆ పొడి నేలలో ఒక కుటుంబానికి చాలకపోవడం, ఆ పైన 1930 దశకపు దుమ్ము తుఫానులు, ట్రాక్టర్లు రావడంతో మనుషుల అవసరం తగ్గడం, వీటన్నిటినీ వదిలి రైలు ఒక్కదాని మీద నెపం వేయడం సులువైన కథ.

చరిత్రప్రియ
మీరు చెప్పినవన్నీ ఒకనాటికి ఊరును ఎలాగూ చిన్నది చేసేవి. అయితే 1888లో పోయినది వ్యాపారమూ, నల్లజాతి వ్యాపారి స్వంత ఊళ్ళో స్వంత దుకాణం నడుపుకునే అవకాశమూ. వాన తప్పితే మరుసటి ఏడాది మళ్ళీ పడవచ్చు. దారి మారిన రైలు తిరిగి రాదు.

పుటలమధ్య
రాజకీయంగా ఈ ఊరు సాధించినది మరువరాదు. నల్లజాతి నాయకుడు ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1878లో తన మిత్రుడు ఏబ్రమ్ హాల్‌తో కలిసి నికోడెమస్ వచ్చారు. 1880లో గ్రాహం కౌంటీకి పాలనా యంత్రాంగం ఏర్పడినప్పుడు గవర్నర్ సెయింట్ జాన్ ఆయనను తాత్కాలిక కౌంటీ క్లర్కుగా నియమించారు. 1882లో ఆయన కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యారు, 1884లో మళ్ళీ గెలిచారు. నేలగదులలో మొదలైన ఊరు ఐదేళ్ళలో రాష్ట్రవ్యాప్తంగా ఓట్లు పొందిన నాయకుడిని పంపించింది. తరువాత ఆయన ఓక్లహోమాకు వెళ్ళి లాంగ్‌స్టన్ పట్టణ స్థాపనలో ముఖ్యపాత్ర వహించారు.

ఏటిగట్టు
ఇదంతా 1879 నాటి పెద్ద వలసలో భాగమేనా?

పుటలమధ్య
కాదు. ఎక్సోడస్టర్లు అని పిలిచే వేలాది మంది దిగువ మిసిసిపీ ప్రాంతం నుంచి కాన్సాస్‌కు వచ్చినది 1879లో. నికోడెమస్ దానికి రెండేళ్ళు ముందుది, ముందుగా సంస్థ ఏర్పరచుకుని వచ్చినది. రెండింటినీ కలిపివేయడం వల్ల ఈ ఊరివారి ప్రణాళిక, సంతకాలు, చందాలు అన్నీ మరుగున పడుతున్నాయి.

విచిటా_నివాసి
నేను కాన్సాస్‌లోనే ఉంటాను, వెళ్ళి చూసి వచ్చాను. 24వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే ఊరు ఒక్క చూపులో అయిపోతుంది. నివాసులు ఇరవై మందికి మించరు. టపా కార్యాలయం 1953లోనే మూతపడింది. ఐదు పాత కట్టడాలు మిగిలాయి: ఏ.ఎం.ఇ. (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి, మొదటి బాప్టిస్ట్ చర్చి, సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, 1918లో కట్టిన బడి, 1939లో కట్టిన టౌన్‌షిప్ హాలు. 1996లో దీనిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. హాలులోనే సందర్శకుల కేంద్రం ఉంది.

హాలు గోడకు చేయి ఆనించి చూశాను. సున్నపురాయి ఎండకు వెచ్చగా, కాస్త గరుకుగా ఉంది. ఉలి దెబ్బలు వేలికి తగులుతాయి. ఆ దెబ్బలు రెండు మూడు తరాల తరువాతివి. మొదటివారు తవ్విన గదులు ఎప్పుడో కూలి నేలలో కలిసిపోయాయి. బయట నిలబడితే గాలి ఆగదు, మాటను మోసుకుపోతుంది.

అక్కడ తెలిసిన విషయం ఒకటి ఈ చర్చకు పనికి వస్తుంది. ఏటా జూలై చివరి వారాంతంలో వారసులు దేశం నలుమూలల నుంచి అక్కడికి చేరతారు. 1834 ఆగస్టు 1న బ్రిటిష్ వెస్ట్ ఇండీస్‌లో బానిసత్వం రద్దయిన సందర్భాన్ని గుర్తు చేసుకునే విముక్తి ఉత్సవంగా 19వ శతాబ్దంలో మొదలై, క్రమంగా సొంత ఊరికి తిరిగివచ్చే పండుగగా మారింది. ఊరేగింపు, ఆరాధన, భోజనాలు, కుటుంబ వృక్షాల చర్చలు. అక్కడ ఎవరూ హిల్ పేరు ఎత్తలేదు. ఎవరి ముత్తవ్వ ఏ బృందంలో వచ్చిందన్నదే మాట.

ఎర్రమట్టి
పొలాలు ఇంకా ఎవరివి?

విచిటా_నివాసి
కొంత భూమి ఇప్పటికీ తొలి కుటుంబాల వారసుల చేతిలోనే ఉంది, గోధుమ పండుతోంది. 1954లో గ్రీన్ బే ప్యాకర్స్ ఫుట్‌బాల్ జట్టు తన మొదటి విడతలోనే ఎంపిక చేసుకున్న వెరిల్ స్విట్జర్ ఈ నేల బిడ్డే.

సూటిమాట
విచిటా_నివాసి గారి అనుభవం విన్న తరువాత కూడా నా మాట ఒకటి నిలుస్తుంది. హిల్‌ను చరిత్ర నుంచి తొలగించవద్దు. అతను చెప్పినదీ, దాచినదీ రెండూ వ్రాయండి.

మైదానవాసి
తొలగించమని నేను అడగలేదు. "స్థాపించాడు" అన్న క్రియకు కర్త ఎవరన్నదే నా అభ్యంతరం. పరిచయ వ్యాసాన్ని తిరగవ్రాయడానికి పూనుకుంటున్నాను: 1877 ఏప్రిల్ నాటి ఏడుగురు, జూలై కరపత్రం, సెప్టెంబరు ప్రయాణం, ఓసేజ్ వారి సహాయం, జెనీ ఫ్లెచర్ బడి, ఆ వరుసలో. అక్టోబరులో నేలగదిలో పుట్టిన హెన్రీ విలియమ్స్, ఆ ఊరి తొలి శిశువు, అతని తల్లి ఎమ్మా విలియమ్స్ పేర్లు కూడా చేరుస్తాను. ముసాయిదా సిద్ధమైన వెంటనే ఇక్కడే పెడతాను, తప్పులుంటే చెప్పండి.

ఏటిగట్టు
జూలైలో మా కుటుంబం అటు వెళ్ళే ఆలోచనలో ఉన్నది. ముందుగా తెలుసుకోవలసినది ఏమైనా ఉన్నదా?

విచిటా_నివాసి
ఊళ్ళో దుకాణాలు, పెట్రోలు బంకు లేవు. హిల్ సిటీలోనే ట్యాంకు నింపుకుని, నీళ్ళు, తిండి వెంట తీసుకుని వెళ్ళండి. పండుగ వారాంతానికి ఆ చుట్టుపక్కల గదులు ముందే నిండిపోతాయి, కాబట్టి వసతి ఇప్పుడే చూసుకోండి. సందర్శకుల కేంద్రం ఏ రోజులలో తెరుస్తారో ఫోను చేసి కనుక్కుని బయలుదేరండి.